ప్రకాశరావుగారి కోర్టులో గ్రైండరు

ప్రకాశరావుగారి సిద్ధాంతం ప్రకారం ఈ లోకంలో మనిషన్నవాడు తప్పు చెయ్యడు. తప్పులన్నీ మిషన్లే చేస్తాయి. అందుచేత ఏ మిషను ఆగినా ఆయన ముందు పానా అందుకోరు. ముందు కోర్టు పెడతారు. ముద్దాయి మిషను, సాక్షులు చుట్టుపక్కల ఉన్నవాళ్ళు, న్యాయమూర్తి తాను. ఆ కోర్టులో ఇంతవరకూ ఒక్క మనిషికి శిక్ష పడలేదు, ఒక్క మిషను నిర్దోషిగా బయటికి రాలేదు.

ముదినేపల్లి నుంచి గుడివాడ వెళ్ళే రోడ్డు మీద, ఇటూ అటూ చేపల చెరువులున్న చోట ఒక మేత మిల్లుంది. తవుడు, వేరుశనగ చెక్క, మొక్కజొన్న, ఎండుచేపల తుక్కు ఒక గుమ్మంలోంచి బస్తాల్లో లోపలికి వెళ్ళి, ఇంకో గుమ్మంలోంచి చేపల మేతై బయటికొస్తాయి. మధ్యలో జరిగేదంతా గ్రైండరు చలవ. గ్రైండరంటే ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బేది కాదు. నిలువెత్తు ఇనప పెట్టె. లోపల ఇరుసుకి వరసగా వేలాడే ఇనప సుత్తులు. అవి గిర్రున తిరుగుతూ, పైనుంచి పడ్డదాన్ని పడ్డట్టే పొడి కొట్టేస్తాయి. అడుగున చిల్లుల జల్లెడ. ఆ చిల్లులో పట్టేంత మెత్తనయ్యేదాకా లోపలికి వెళ్ళినదానికి విడుదల లేదు.

పగటి పూట ఆ గ్రైండరు నడిపేది షీబా. ఆమె భర్త శ్యాంబాబు అవే చెరువుల మీద పడవలో తిరుగుతూ మేత చల్లుతాడు. భార్య దంచింది భర్త చల్లుతాడన్నమాట. వాళ్ళ సంసారం మొత్తం చేపల ఆకలి మీద ఆధారపడి ఉంది. ఇద్దరి జీతాలూ కలిస్తేనే పిల్లల ఫీజులు దాటతాయి, అందులో షీబా జీతం నికరం, శ్యాంబాబుది చెరువుల రైతు మనసుని బట్టి.

షీబా కొత్తగా చేరినప్పుడు ఒక బేరింగు కేసు నడుస్తోంది. బేరింగు కాలిపోతోంది, చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. మిల్లులో మిషన్ల బాగోగులు చూసే ప్రకాశరావుగారు వచ్చారు. పొట్టి మనిషి, తెల్ల చొక్కా, జేబులో కళ్ళజోడు పెట్టె, చేతిలో టార్చిలైటు. ముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. దీన్ని ఆయన ముద్దాయిని అదుపులోకి తీసుకోవడం అంటారు. ఆ తాళం పడకుండా ఎవరైనా గ్రైండరు తలుపు మీద చెయ్యి వేస్తే మటుకు ఆయన మనుషుల మీద కూడా అరుస్తారు. ఆ ఒక్క సందర్భంలోనే. తరవాత ఇరుసు పూర్తిగా ఆగేదాకా అందరూ నిశ్శబ్దంగా నిలబడాలి. ముద్దాయికి ఊపిరి తీసుకునే వ్యవధి అది. ఈలోపు ఆయన బేరింగు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వాసన చూసి, వేలితో అంచు తుడిచి, ఆ వేలిని టార్చి వెలుగులో పరీక్షించారు. వేలినిండా గ్రీజు.

"ఎంత పెడితే అంత తినడమేనా?" అని బేరింగుని అడిగారు. "ఒళ్ళు వేడెక్కుతోందని తెలుస్తూనే ఉంది కదా. చాలు అనడానికి నోరు లేదా?"

బేరింగు జవాబు చెప్పలేదు. మౌనం నేరం ఒప్పుకున్నట్టే అని నమోదు చేసుకున్నారు. దానికి అంత గ్రీజు కుక్కింది హమాలీల్లోంచి కొత్తగా మిషన్ల పనికి మారిన వెంకట్. గ్రీజు ఎంత ఎక్కువైతే బేరింగుకి అంత ప్రేమ అందుతుందని అతని ఉద్దేశం. అతను అప్పటికే చెమటలు కక్కుతూ స్తంభం వెనక నిలబడి ఉన్నాడు. తీర్పులో అతని ఊసే లేదు. తిండిపోతుతనం రుజువైనందున బేరింగుని కడిగి, పథ్యం పెట్టవలసిందనీ, గ్రీజు గన్ను పిడి మీద ఎర్ర గీత గీసి అక్కడిదాకానే నొక్కవలసిందనీ శిక్ష పడింది. ఎర్ర గీత వెంకట్ చేతే గీయించారు. తను బతికి బయటపడ్డానన్న ఆనందంలో వెంకట్ ఆ గీత అవసరానికి మించి లావుగా గీశాడు.

ఈ కోర్టు భాష ఆయనకి బందరులో అబ్బింది. పెడన దగ్గర ఒక పొలం గట్టు గురించి ఆయనకీ, పినతండ్రి కొడుకు ఇస్సాకుకీ ఏళ్ళ తరబడి దావా నడిచింది. వాయిదాకి ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళేవారు. ముందెక్కినవాడు రెండోవాడికి తువ్వాలు వేసి సీటు ఆపేవాడు. బందరులో దిగి, ఒకరి మీద ఒకరు గంభీరంగా సాక్ష్యం చెప్పుకుని, కోర్టు ఎదురుగా ఒకే ప్లేటులో బజ్జీలు తిని, అదే బస్సులో తిరిగొచ్చేవారు. చివరికి రాజీ కుదిరిన రోజున ఇక బందరు వెళ్ళే పని లేదే అని ఇద్దరూ దిగులు పడ్డారట. గట్టు ఇస్సాకుకి దక్కింది. కోర్టు ప్రకాశరావుగారికి దక్కింది.

ఇంట్లో కూడా ఇదే ధోరణి. ఆయన భార్య రమణమ్మగారు మిక్సీలో ఎండు కొబ్బరి ముక్కలు కూరి మోటారు కాల్చేస్తే, సమయానికి కేక పెట్టనందుకు మిక్సీకి శిక్ష పడింది. చర్చిలో స్త్రీల కూటమి అయ్యాక ఆవిడ షీబాతో ఈ కష్టమంతా చెప్పుకున్నారు.

"నేను పులుసులో ఉప్పు ఎక్కువేసినా ఉప్పు డబ్బా మీద కేసు పెడతాడమ్మా," అన్నారు. "మొగుడితో తీరిగ్గా ఒక్క పోట్లాట పెట్టుకునే యోగం లేకుండా పోయింది నాకు."

ఒక క్రిస్మసుకి ఆరాధన మధ్యలో జనరేటరు ఆగిపోతే ప్రకాశరావుగారు అక్కడా విచారణ మొదలుపెట్టారు. మందిరంలో తీర్పు తీర్చే అధికారం వేరొకరిదని పాస్టరుగారు సున్నితంగా మనవి చేశారు. ప్రకాశరావుగారు పరిధి అంశాన్ని గౌరవించి, జనరేటరుని ఆవరణ బయటికి తోయించి అక్కడ విచారించారు. డీజిలు బదులు కిరసనాయిలు పోసిన సండే స్కూలు టీచరు పేరు ఈనాటికీ ఎవరికీ తెలీదు. డీజిలు డబ్బాకి మాత్రం పచ్చ రంగు పడింది.

ఈ న్యాయవ్యవస్థ ఇలా సాగిపోతుండగా మిల్లుకి కొత్త మేనేజరుగా రాంప్రసాద్ వచ్చాడు. బందరు మనిషి. తాతగారు, తండ్రిగారు బళ్ళలో లెక్కలు చెప్పినవాళ్ళు. ఆ ఇంట్లో తప్పు చేసినవాడు బెంచీ ఎక్కాలన్నది తరాల నుంచి వస్తున్న పద్ధతి. చెడ్డవాడేం కాదు, నిమ్మళంగానే మాట్లాడతాడు. కాకపోతే మిల్లు ఆగిందంటే అతను అడిగే మొదటి ప్రశ్న "ఎవరు?" ప్రకాశరావుగారు అడిగే మొదటి ప్రశ్న "ఏది?" ఈ రెండు ప్రశ్నల మధ్య ఆ మిల్లు కొంతకాలం ఒంటి కాలి మీద నడిచింది.

కొద్ది నెలల్లో మిల్లు మూడు నాలుగు సార్లు ఆగేసరికి యజమాని మేనేజర్ని పిలిచి గట్టిగా అడిగాడు. రాంప్రసాద్ తిరిగొచ్చి అందర్నీ ఆఫీసు ముందు నిలబెట్టి మూడు సంగతులు చెప్పాడు. ఒకటి, ఇకమీదట ఎవరి వల్ల మిల్లు ఆగితే వాళ్ళు మర్నాటి నుంచి రానక్కర్లేదు. రెండు, పేరు తేలకపోతే మెయింటెనెన్సు చూసేవారే బాధ్యులవుతారు. మూడు, గ్రైండరు నెత్తిమీద క్యారేజీలు పెట్టకూడదు.

మొదటి రెంటికీ జనం తలలూపారు. మూడోది విన్నాక మాత్రం గుంపులో ఒక నిట్టూర్పు నడిచింది.

ఎందుకంటే, గ్రైండరు నెత్తి ఆ మిల్లులో అందరికీ ఉమ్మడి పొయ్యి. చీకటి విడవకముందే వండుకున్న అన్నం మధ్యాహ్నానికి రాయిలా అయిపోతుంది. గ్రైండరు నడిచే కొద్దీ దాని పైరేకు వెచ్చబడుతుంది. పొద్దున వస్తూనే ఎవరి గిన్నె వాళ్ళు దాని మీద పెట్టేస్తే భోజనాల వేళకి అప్పుడే దించినట్టు పొగలొస్తాయి. ఎవరి గిన్నె ఎక్కడన్నది సర్వేరాళ్ళు పాతినంత ఖాయం. ఒకటే చిక్కు. మిషను సన్నగా అదురుతూ ఉంటుంది గనక గిన్నెలు మెల్లమెల్లగా నడుస్తాయి, నడిచి నడిచి సరుకు పోసే తొట్టి నోటివైపు చేరతాయి. మధ్య మధ్యలో ఎవరో ఒకరు వాటిని వెనక్కి జరుపుతూ ఉండాలి. ఆ పని షీబాది. చంటిపిల్లల్ని గుమ్మం దగ్గర్నుంచి ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి యథాస్థానంలో పెట్టేది.

మేనేజరు ఆజ్ఞ తరవాత గిన్నెలు గోడవారకి మారాయి. జనం చల్లటి అన్నం తినసాగారు. చేపల మేత మాత్రం వేడివేడిగా బయటికొచ్చేది. ఈ తేడాని అందరూ గమనించారు, ఎవరూ పైకి అనలేదు.

ముసురు పట్టిన ఒక రోజున షీబా బొమ్మిడాయిల పులుసు తెచ్చుకుంది. శ్యాంబాబు చెరువు మీంచి తెచ్చినవి, ముందు రోజు రాత్రి కాచి పెట్టిన పులుసు, తెల్లారేసరికి ముక్క ముక్కకీ పట్టింది. అలాంటి పులుసుని చల్లగా తినడం దానికి అవమానమని ఆమెకి నిజంగానే అనిపించింది. రాంప్రసాద్ గొడుగేసుకుని గోడౌనువైపు వెళ్ళడం చూసి, గిన్నె తీసుకెళ్ళి పాత చోటులో పెట్టింది. ఒక్క గంట. వెచ్చబడగానే తీసేస్తుంది. గిన్నె మూత బిగించే క్లిప్పు కింద ఎప్పటిలా చిన్న గరిటె దోపి ఉంది.

అంతలో తవుడు లారీ వచ్చింది. తూకం దగ్గర కేక వేస్తే షీబా అటు వెళ్ళింది. ఒక్క క్షణమే అనుకుంది గాని, ఒకటి కాకపోయి ఉంటుంది.

లోపల ఎవరో ఇనప బీరువాని మెట్ల మీంచి దొర్లించినట్టు చప్పుడైంది. నేల అదిరింది. షీబా పరిగెత్తుకొచ్చి ఎర్ర బటను నొక్కింది. చప్పుడు తగ్గి, తగ్గి, మూలుగై, ఆగింది. గిన్నె తొట్టి అంచున సురక్షితంగా ఉంది. క్లిప్పు ఊడిపోయి ఉంది. గరిటె లేదు. తొట్టిలో ఇనప ముక్కల్ని పట్టడానికి అయస్కాంతం ఉందిగాని, స్టీలు గరిటెతో దానికి పరిచయం లేదు. షీబా గిన్నె తీసి బస్తాల వెనక దాచింది. చేతికి వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనానికి ఆమెకి ఏడుపొచ్చింది.

ప్రకాశరావుగారు వచ్చి స్విచ్‌కి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇరుసు పూర్తిగా ఆగేదాకా మౌనం. ఆ మౌనంలోకే రాంప్రసాద్ తడిసిన గొడుగుతో వచ్చాడు.

"ఎవరు?" అన్నాడు.

"ఏదో చూద్దామండి," అన్నారు ప్రకాశరావుగారు.

తలుపు తెరిచారు. జల్లెడ చాటంత మేర చిరిగిపోయింది. ఒక సుత్తి వంగింది. ఆ చిరుగులోంచి ముతక పలుకులు కిందికి జారిపోయి ఉన్నాయి. అలాంటి పలుకుతో మేత చేస్తే నీళ్ళలో పడగానే విడిపోతుంది, చేప నోట్లోకి వెళ్ళదు. ఆయన టార్చి వేసి, లోపలికి వంగి, జల్లెడ అంచున ఇరుక్కున్న మెరిసే ముక్కని వేళ్ళతో లాగారు. పక్కనే ఉన్న షీబాకి ఆ ముక్క మీద చుక్కల అక్షరాలు కనబడ్డాయి.

ఆ గరిటె పెళ్ళికి మేనత్త ఇచ్చింది. కాడ మీద షీబా అని చుక్కలతో కొట్టించి మరీ ఇచ్చింది. సామాను మీద పేరుంటే ఎక్కడికి పోయినా తిరిగొస్తుందని మేనత్త నమ్మకం. తిరిగొచ్చింది.

ప్రకాశరావుగారు ముక్కని ఇటూ అటూ తిప్పి చూశారు. చూసి, కళ్ళజోడు పెట్టె వెనకగా జేబులోకి జారవిడిచారు.

"ఏమిటండీ అది?" అన్నాడు రాంప్రసాద్.

"ఎగ్జిబిట్."

"ఒకసారి ఇటివ్వండి."

"తీర్పు అయ్యేదాకా కోర్టు కస్టడీ అండీ," అని ఆయన గ్రైండరువైపు తిరిగారు. "నీ నెత్తి ఇంత బల్లపరుపుగా ఎందుకుంది?"

గ్రైండరు ఊరుకుంది.

"ఊరికే వెచ్చగా కూర్చుంటావు. ఎవర్ని రమ్మని? ఆ నోరొకటి, బార్లా తెరుచుకుని. ఏది పడితే అది మింగడం. మింగేముందు ఇది మేతా కాదా అని చూసుకోనక్కర్లేదా?"

ఆయన అడుగుతున్న ప్రతి ప్రశ్నా షీబాకి తెలిసిన జవాబు చుట్టూ తిరుగుతోంది. "బాబాయిగారూ," అని నోరు తెరిచింది.

"పిలిచినప్పుడే సాక్షి మాట్లాడాలమ్మా," అన్నారాయన, తల తిప్పకుండానే. తీర్పు సాయంత్రానికి వాయిదా పడింది.

మధ్యాహ్నమంతా ఆయనా వెంకటూ కొత్త జల్లెడ బిగించారు. వంగిన సుత్తి తీసి కొత్తది వేశారు. దానికి ఎదురుగా ఉన్న మంచి సుత్తిని కూడా తీసి, తూకం వేసి, సమానమైనది పెట్టారు. ఒక పక్కే మారిస్తే ఇరుసు తూలుతుంది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన మంచి సుత్తికి క్షమాపణ చెబుతూనే ఉన్నారు, దాని తప్పేమీ లేదనీ, జత కుదరకపోవడం దాని దురదృష్టమనీ. మిషను పట్ల ఆయన సానుభూతి చూపించగా వినడం వెంకట్‌కి అదే మొదలు.

ఆ సంగతి షీబాకి చెప్పడానికి వచ్చిన వెంకట్ ఇంకో సంగతి కూడా చెప్పాడు. మేనేజరుగారు వచ్చి పెద్దాయన్ని సాయంత్రంలోగా పేరు చెప్పమన్నారట. గ్రైండరని చెప్పారట ఈయన. మనిషి పేరు కావాలన్నారట. మనిషి పేరు తన దగ్గర లేదన్నారట. అయితే యజమానికి మీ పేరే చెప్పాల్సొస్తుందండీ అంటే, సరేనండీ, ప్రకాశరావు, తండ్రి పేరు సొలొమోను అని చెప్పండి, నా పేరుతో ఊళ్ళో ఇంకొకడున్నాడు, లేకపోతే పొరపాటు పడతారు అన్నారట.

"పెద్దాయనకి రిటైర్మెంటు ఇంకా కొన్ని నెలలే ఉందక్కా," అన్నాడు వెంకట్. "ఇప్పుడు పంపిస్తే వచ్చేది కూడా సరిగ్గా రాదు."

షీబా అన్నం గిన్నె తెరవలేదు. బస్తాల వెనక నుంచి దాన్ని తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టి, తిన్నగా ఆఫీసు గదికి వెళ్ళింది. రాంప్రసాద్ ఒక్కడే కూర్చుని చల్లటి ఉప్మాతో కుస్తీ పడుతున్నాడు. చెంచా దిగడం లేదు.

"సార్, ఆ గరిటె నాదండి."

"ఏ గరిటె?"

మొత్తం చెప్పింది. గిన్నె, క్లిప్పు, లారీ, మేనత్త, కాడ మీద పేరు. రాంప్రసాద్ చెంచా పక్కన పెట్టాడు.

"పెట్టొద్దని చెప్పానుగా."

"చెప్పారండి."

"మరి?"

"బొమ్మిడాయిల పులుసండి."

రాంప్రసాద్ బందరులో పుట్టి పెరిగినవాడు గనక ఆ జవాబుని వెంటనే కొట్టెయ్యలేకపోయాడు.

"ప్రకాశరావుగారు పేరు చూశారా?"

"చూశారండి. చూసే జేబులో వేసుకున్నారు. సార్, తప్పు నాది. నేను రేపట్నుంచి రాను. ఆయన పేరు మాత్రం చెప్పకండి."

అతను షీబా ముందున్న బల్లని చూస్తూ, ఇంకెక్కడో ఉన్న సంగతి గుర్తుచేసుకుంటున్న మొహం పెట్టాడు.

"నేను చేరిన కొత్తలో ఒకసారి గ్రైండరు మూలిగి ట్రిప్పయింది. గుర్తుందా?"

"ఉందండి. లోపల నిండా సరుకుండగా ఎవరో స్టార్ట్ చేశారు. పచ్చ బటనుకి శిక్ష పడిందండి. రేకు మూత బిగించారు."

"ఏమని తీర్పు?"

"అవసరం లేకుండా మెరుస్తూ, కొత్తవాళ్ళ వేలిని ఆకర్షించిందని అండి."

"ఆ వేలు నాది," అన్నాడు రాంప్రసాద్.

షీబా తలెత్తి అతనివైపు చూసింది.

"ఆయనకి తెలుసని ఇప్పటిదాకా నాకు తెలీదు," అని అతను మెల్లగా చెప్పుకొచ్చాడు. "ఆ తీర్పు అప్పుడు నాకు చాలా సబబుగా అనిపించింది. బటను నిజంగానే కొంచెం ఎక్కువ మెరిసేది."

షీబా అక్కడే నిలబడి మనసులో మిల్లంతా ఒకసారి తిరిగొచ్చింది. పచ్చ బటను మీద రేకు మూత. గ్రీజు గన్ను మీద ఎర్ర గీత. బెల్టు చుట్టూ కంచె, తువ్వాలు చిక్కుకున్న ప్యాకింగు ఆవిడ తరవాత వచ్చింది. మెట్ల దగ్గర కమ్మీ, బస్తాతో సహా జారిన హమాలీ తరవాత వచ్చింది. ఆ మిల్లులో ఎక్కడ ఒక మూత ఉందో, ఒక కంచె ఉందో, ఒక గీత ఉందో, అక్కడల్లా ఎవరో ఒకరు ఉద్యోగంలో మిగిలారు. అలా మిగిలిన ప్రతివాళ్ళూ, పాపం, పెద్దాయనకి అసలు విషయం తెలీదనే అనుకున్నారు. తనూ ఇవాళ పొద్దుటిదాకా అదే అనుకుంది.

సాయంత్రం వాన వెలిసింది. గ్రైండరు ముందు అందరూ చేరారు. ప్రకాశరావుగారు తవుడు బస్తా మీద కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నారు. రాంప్రసాద్ వచ్చి సాక్షుల వరసలో నిలబడ్డాడు. ఆయన అది గమనించి గొంతు సవరించుకున్నారు.

ముద్దాయి మీద నేరాలు నాలుగూ రుజువైనట్టు తీర్పు చెప్పారు. నెత్తి చదునుగా ఉంచుకుని అమాయకులైన గిన్నెల్ని పిలవడం. పిలిచినవాటిని అదురుతూ నోటిదాకా నడిపించుకోవడం. నోటికి కంచె లేకపోవడం. ఇనుమే తప్ప స్టీలుని గుర్తుపట్టని అయస్కాంతాన్ని కాపలా పెట్టుకోవడం. శిక్షగా, ఇక మీద చీమ కూడా నిలబడకుండా నెత్తిన ఏటవాలు రేకు వెయ్యాలి, తొట్టి నోటికి ఇరుకు చువ్వల మూత పెట్టాలి.

"పోతే," అని ఆగారు. "ఇన్నాళ్ళూ ఇంతమంది అన్నం వెచ్చబెట్టిన ముద్దాయి ఇప్పుడా పని చెయ్యలేని స్థితిలో పడింది గనక, ఆ బాధ్యత నుంచి తప్పించుకోవడానికి వీల్లేదు. మేతకి ఆవిరి పట్టే బాయిలరు నుంచి వచ్చే గొట్టం వెంబడి, గోడకి ఇనప అర కట్టాలి. ముందు కమ్మీ ఉండాలి, గిన్నె కదలకూడదు. రోజూ అందరి క్యారేజీలూ వెచ్చబెట్టాలి. యావజ్జీవం."

"ఒక సందేహమండీ," అన్నాడు రాంప్రసాద్. "నేరం గ్రైండరుది. శిక్ష బాయిలరుకి పడుతోంది."

"బాయిలరు జామీను నిలబడిందండి."

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం అడిగాను. కాదనలేదు."

రాంప్రసాద్ తల పంకించాడు. యజమాని బాధ్యుల పేరు అడుగుతాడనీ, గ్రైండరు అని చెబుతాననీ, ఆ తరవాత తను తిట్లు తిన్నా ఆ తిట్లు మనిషి ఉద్యోగం దాకా రావనీ నిదానంగా చెప్పాడు. క్యారేజీల మీద నిషేధం గోడకి అర పడే రోజుతో ముగుస్తుందన్నాడు. ప్యాకింగువాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

జనం చెదిరాక షీబా గిన్నె పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చింది. "బాబాయిగారూ, మీరు లేకపోతే..." అని మాత్రం అంది.

"సాక్షులు జడ్జితో విడిగా మాట్లాడకూడదమ్మా," అన్నారాయన. గిన్నెవైపు చూశారు. "అదేమిటి?"

"పులుసండి. చల్లారిపోయింది."

"తీర్పయ్యాక ఇస్తే లంచం కిందికి రాదు," అని గిన్నె అందుకున్నారు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఇంత పులుసుని కళ్ళముందు పెట్టుకుని ఆ గ్రైండరు నిలకడగా ఉండాలనుకోవడం కూడా కొంత అన్యాయమేననీ, ముద్దాయి అప్పీలు చేసుకుంటే ఈ పాయింటు మీద బలముంటుందనీ అభిప్రాయపడ్డారు. షీబా నవ్వింది. పొద్దున్నుంచి అదే మొదటి నవ్వు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వడం వల్ల కొంచెం వంకరగా వచ్చింది.

ఆవిరి గొట్టం దగ్గర వెంకట్ అప్పుడే టేపు పట్టుకుని అరకి కొలతలు తీస్తున్నాడు. రాంప్రసాద్ అతని పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఏదో అడగాలని అడగలేక అటూ ఇటూ రెండు అడుగులు వేశాడు. చివరికి ఎవర్నీ చూడకుండా గొట్టంతో మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"మా అమ్మ మూడు గిన్నెల క్యారేజీ ఇస్తుంది. నిలువుగా ఉంటుంది."

ప్రకాశరావుగారు నోట్లో ముక్క పూర్తయ్యేదాకా ఆగి, వేళ్ళు తుడుచుకున్నారు.

"తీర్పు చెప్పాక అర్జీలు తీసుకోకూడదండీ," అన్నారు గంభీరంగా. తరవాత వెంకట్‌వైపు తిరిగారు. "అర పైన ఇంకో జానెడు ఎత్తు వదలరా."